ముందుగా దిగిన క్రేటు

వరుసగా నలభై ఒక్క సున్నలు కనబడితే మీరేం చేస్తారు? నేను నమ్మలేదు. అక్కడిదాకా నేను చేసింది సరైన పనే. ఆ తర్వాత చేసింది తప్పు. ఎగుమతి ఫ్యాక్టరీల్లో క్వాలిటీ సెక్షన్‌లో కొత్తగా చేరేవాళ్ళకు పనికొస్తుందేమోనని, నిరుడు ఉద్యోగం మానేసిన నేను ఆ తప్పును ఉన్నదున్నట్టు రాస్తున్నాను. పేర్లు రాయను. ఇందులో ఉన్నవాళ్ళలో చాలామంది ఇంకా ఈ జిల్లాలోనే ఉన్నారు. బస్సులో ఎదురుపడతారు.

నేను పుట్టింది, పెరిగింది కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, గని కూలీల ఇళ్ళ లైన్లలో. మా తాత చిత్తూరు పక్క పల్లె నుంచి గని పనికి వచ్చాడు. మా నాన్నకే సేద్యం తెలియదు, ఇంక నాకేం తెలుస్తుంది? మాకు కొండలంటే ముడిరాయిని పిండి చేసి బంగారం తీశాక పారబోసిన సయనైడ్ దిబ్బలే. బడి చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం పాత పుస్తకాలు కొనుక్కుని నాకు నేనే నేర్చుకున్నాను. ఆ లెక్కల పుణ్యమా అని గని టోకెన్ ఆఫీసులో పని దొరికింది.

గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఇచ్చేవాళ్ళం. పైకి వచ్చి తిరిగి ఇస్తే ఆ నంబరు మేకుకు తగిలించేవాళ్ళం. షిఫ్టు ముగిశాక ఒక మేకు ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా కింద ఉన్నాడని అర్థం. ఒకసారి ఒకాయన బిళ్ళను జేబులో వేసుకుని ఇంటికి పోయి హాయిగా అన్నం తింటూ కూర్చున్నాడు. అతని కోసం నలుగురు మళ్ళీ కిందికి దిగి వెతికారు. అతను పైకి రావడం తాము చూశామని ఇద్దరు చెప్పినా మా పెద్ద గుమాస్తా వినలేదు. నాతో అన్నాడు: "మనిషి చెప్పేది వినొద్దప్పా. మేకును చూడు."

ఆ మాటను నేను జీవితమంతా పట్టుకున్నాను.

గని మూతపడ్డాక చిన్నాచితకా పనులు చేసి, చివరికి ముళబాగిలు దారిలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కుదురుకున్నాను. సీజన్లో తోతాపురి కాయలు ట్రాక్టర్లలో వస్తాయి. నాలుగైదు రోజులు మాగబెట్టి, గుజ్జు తీసి, డ్రమ్ముల్లో నింపి యూరప్‌కు పంపుతాం. నన్ను కాయల లెక్కకని తీసుకున్నారు. తర్వాత సర్టిఫికెట్ల పని కూడా నా నెత్తినే పడింది. ఆ నిబంధనల పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే ఓపిక ఇంకెవరికీ లేకపోయింది.

యూరప్‌వాళ్ళ కొలత చాలా సన్నం. వాళ్ళు ఒప్పుకోని పురుగుమందు కిలో పండులో మిల్లీగ్రాములో నూరో వంతు దాటకూడదు. దాటితే సరుకు రేవులోనే ఆగిపోతుంది. అందుకని ప్రతి రైతుకూ ఒక నంబరు, ఏ మందు ఏ రోజు కొట్టాడో రాసుకునే ఒక డైరీ. ప్రతి లోడు నుంచీ పది కాయలు తీసి, సంచిలో వేసి, సీలు బిగించి బెంగళూరు ల్యాబుకు పంపాలి. కాయలు మాగేలోగా ఫలితం వస్తుంది. ఏడాదికొకసారి ఆడిటర్ వచ్చి ఇదంతా సరిగా జరుగుతున్నదా లేదా చూసి సర్టిఫికెట్ కొనసాగించాలి. ఇంతకన్నా సాంకేతికం మీకు ఇక్కడ అవసరం లేదు.

ఆ పది కాయలు ఎవరు, ఎలా తీయాలన్నదే నా తలనొప్పి. అంతకుముందు సీజన్లో శాంపిళ్ళు తీసినాయన తెలిసిన రైతుల లోడు వస్తే కాయలు ఏరి ఏరి తీస్తున్నాడని నాకు అనుమానం. రుజువు దొరికేలోగా అతను వేమగల్‌లో ఇంకో ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. ఇంక ఎవరినీ నమ్మాల్సిన అవసరం లేకుండా నేనే ఒక నియమం రాశాను. ట్రాక్టర్ నుంచి మొదట నేల తాకిన క్రేటులోంచే పది కాయలూ తీయాలి. ఎంపిక మనిషి చేతిలో ఉండకూడదు. లోడుకు నూట ఇరవై క్రేట్లు. ఏది ముందు దిగుతుందో దించే కూలీలకే తెలియదు కదా. సీజన్‌కు ముందే పంపితే ఆడిటర్ కాగితాల మీద చూసి బాగుందన్నాడు. నేను దాన్ని లామినేషన్ చేయించి సరుకు దించే చోట గోడకు అంటించాను.

అదే సీజన్లో శాంపిళ్ళ పనికి ఒకామె కొత్తగా చేరింది. కామసముద్రం నుంచి వచ్చేది. నలభై ఏళ్ళుంటాయి. భర్త మంచాన పడ్డాడు, ఈ జీతమే ఇంటికి ఆధారం. మాట తక్కువ, పని శుభ్రం. సీళ్ళ లెక్క, సంచుల మీద అంకెలు ఏనాడూ తప్పలేదు. తప్పులు లేని మనిషంటే నాకు మొదటి నుంచీ కొంచెం భయం.

ఫలితాలు రావడం మొదలయ్యాయి. సున్న. సున్న. సున్న. ల్యాబు సున్న అంటే మందు బొత్తిగా లేదని కాదు, యంత్రానికి చిక్కేంత లేదని. అయినా అంతకుముందు ఏడాది సగం లోడుల్లో ఏదో ఒక మందు జాడ, హద్దుకు లోపలే అయినా, కనబడేది. తోటలు అవే, రైతులు వాళ్ళే, డైరీల్లో మందులూ అవే. నలభై ఒక్క లోడులైనా ఒక్క జాడ లేదు. మా మేనేజర్ సంతోషంగా ఉన్నాడు. నేను ఆ కాగితాలను రెండు వరుసలుగా పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను.

రెండు మార్పులు ఒకే సీజన్లో వచ్చాయి: మనిషి, నియమం. నేను మనిషిని అనుమానించాను. నియమం నాది కాబట్టి దాన్ని అనుమానించాలని తోచలేదు.

నా గది కిటికీలోంచి సరుకు దించే చోటు కనబడుతుంది. వారం రోజులు అక్కడి నుంచి ఆమెను గమనించి నోటుబుక్‌లో రాసుకున్నాను. మొదటి క్రేటు దిగగానే దాని మీద చెయ్యి వేసి, ఆ చేతిని కళ్ళకు అద్దుకునేది. ఎవరికో సైగ అనుకున్నాను. రైతులు ఆమెను పలకరించి నవ్వేవాళ్ళు. నన్ను చూసి ఎవరూ నవ్వరు. ఒకరోజు తెరిచి ఉన్న ఆమె భోజనం సంచిలో రెండు మామిడికాయలు కనబడ్డాయి. అంతే, నా లెక్క తేలిపోయింది. ఇంటి దగ్గరి మందు కొట్టని కాయలు తెచ్చి శాంపిల్ సంచుల్లో మారుస్తున్నది. రోజుకు ఐదారు లోడులకు యాభై అరవై కాయలు కావాలి, రెండు కాయలతో ఏం మారుస్తుంది అన్న చిన్న లెక్క, లెక్కలవాడినైన నాకు ఆ రోజు తట్టలేదు.

అరపేజీ కాగితం రాసి, కింద సంతకం పెట్టి మేనేజర్‌కు ఇచ్చాను. ఆయన ఆమెను ఒక్క ప్రశ్నా అడగలేదు. విచారణ అయ్యేదాకా రావద్దని చెప్పించాడు.

ఆమె నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"నేనేం చేసినానని సార్?"

"విచారణలో తెలుస్తుందమ్మా."

"విచారించేది ఎవరు?"

నేనే అని చెప్పాల్సి వచ్చింది. ఆమె సీలు బిగించే కటింగ్ ప్లేరు, మిగిలిన సీళ్ళ కట్ట, మార్కరు పెన్ను నా ముందు పెట్టింది.

"సీళ్ళు లెక్క పెట్టుకోండి సార్. మళ్ళా అవి కూడా ఎత్తుకుపోయిందంటారు."

ఆమె నిలబడి ఉండగానే నేను లెక్కపెట్టాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ పెట్టాను. ఒక్కటీ తగ్గలేదు.

మరుసటి రోజు నుంచి శాంపిళ్ళు నేనే తీశాను. ముందు దిగిన క్రేటు, పది కాయలు, సీలు. సంచిని నా కంటి ముందు నుంచి కదలనివ్వలేదు. మొదటి రోజు ఆరు లోడులవి పంపాను.

ఆరు సున్నలు వచ్చాయి.

అప్పుడైనా ఆమెను వెనక్కి పిలవాల్సింది. నేను ల్యాబును అనుమానించాను. శ్రీనివాసపురం రోడ్డు పక్క కుప్ప పోసి అమ్ముతున్న కాయలు పది కొని, ఒక రైతు నంబరు వేసి పంపాను. రెండు రకాల మందులు దొరికాయని, ఎంతెంతో అంకెలతో సహా రిపోర్టు వచ్చింది. ల్యాబులో మోసం లేదు. తర్వాత రైతుల వంతు. మందు కొట్టకుండానే కొట్టినట్టు డైరీలు నింపుతున్నారేమో చూద్దామని ఆవని పక్క ఒక తోటకు చెప్పకుండా పోయాను.

ఆ రైతుకు అరవై దాటాయి. నన్ను చూసి కంగారుపడలేదు, అది కూడా నాకు అనుమానమే. పంపుసెట్టు గదిలో ఖాళీ మందు సీసాలు వరుసగా ఉన్నాయి. డైరీతో సరిచూశాను. ఒక్కటీ తేడా లేదు. మందు కొడుతున్నాడు. మరి ఆ మందంతా యాడికి పోతున్నది?

అప్పుడే లోడు ఎక్కిస్తున్నారు. నూట పంతొమ్మిది క్రేట్లు ఎక్కాక ఆయన కోడలు తోట మూలనున్న చెట్టు కింది నుంచి ఇంకొక క్రేటు మోసుకొచ్చింది. ఆయన దాని అంచుకు పసుపు రాసి, ట్రెయిలర్ వెనక కొసన, అన్నిటికన్నా పైన పెట్టించాడు. నేను శాంపిళ్ళు తీసిన క్రేట్లన్నిటి అంచులకూ పసుపు మరక ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఏ క్రేటుకు మరక ఉండదులే అనుకుని వదిలేశాను అప్పట్లో.

"అది వేరుగా ఎందుకు తెచ్చినారప్పా?" అని అడిగాను.

"దేవుని చెట్టుది సార్. అది కడాన ఎక్కల్ల, ముందు దిగల్ల. అట్లయితేనే లోడు సుఖంగా పోతాది."

"ఆ చెట్టుకు మందు?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "దేవుని చెట్టుకు మందు కొట్టేది యాడన్నా ఉండాదా సార్? అది పురుగుకూ పక్షికీ కూడా భాగం ఉండే చెట్టు. మిగిలిందే మనకు."

"అందరూ ఇట్లే చేస్తారా?"

"మా పక్క తోట ఉండేవాళ్ళంతా చేస్తారు. మీది ఏ ఊరు సార్?"

కేజీఎఫ్ అన్నాను. "అట్ల చెప్పండి," అన్నాడాయన, నా మీద జాలిపడి. "మట్టి కింద తవ్వేవాళ్ళు మీరు. మట్టి పైన సంగతి మీకేం తెలుస్తాది."

తిరుగు బస్సులో నోటుబుక్ తీసి చదువుకున్నాను. ఆమె కళ్ళకద్దుకున్నది దేవుడి క్రేటునని ఇప్పుడు తెలిసింది. రైతులు నవ్వింది ఆమెకు ఆ సంగతి తెలిసినందుకు. నా నియమం ప్రతి లోడులోనూ మందు తగలని ఒకే ఒక్క క్రేటును వెతికి పట్టుకుని, తక్కిన నూట పంతొమ్మిదీ అలాగే ఉంటాయని సంతకం పెడుతున్నది. పద్ధతిని ఎవరూ మోసం చేయలేదు. ఎవరినీ నమ్మనక్కర లేకుండా నేను రాసుకున్న నియమమే మోసం చేసింది.

మేనేజర్‌కు చెప్పాను. ఆయన తలుపు వేసి వచ్చి, రెండు రోజుల్లో ఆడిట్ ఉందని గుర్తు చేశాడు. నియమం మారుద్దాం, కానీ సీజన్ ముగిశాక అన్నాడు. ఇప్పుడు మారిస్తే ఎందుకని అడుగుతారు. ల్యాబు సున్న అన్నప్పుడు కాదనడానికి నువ్వెవరు అని కూడా అన్నాడు. మరి ఆమె సంగతి అడిగాను. మామూలుగా పని మానేసిందని రాసేస్తే సరిపోతుందన్నాడు.

నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట తియ్యగానే వినిపించింది. చెప్పకపోతే పోయేది ఆమె ఉద్యోగం, ఆమె పేరు. చెబితే పోయేవి నా నియమం, నా సంతకం, బహుశా నా కుర్చీ. రెండు రోజులు ఈ రెండిటినీ అటూ ఇటూ తూచాను. శాంపిల్ తీసే పద్ధతిలోని లోపం ఆడిటర్‌కు తడుతుందేమోనని ఒకపక్క భయం, తట్టకపోతే బాగుండునని ఇంకోపక్క ఆశ.

ఆడిటర్ చెన్నై నుంచి వచ్చిన సన్నటి మనిషి. గొంతు పెంచడు. డ్రమ్ములు చూశాడు, చేతులు కడిగే చోటు చూశాడు, గోడ మీది నా లామినేషన్ కాగితాన్ని ఇంకోసారి మెచ్చుకున్నాడు. సాయంత్రం నాలుగింటికి ఫైళ్ళ దగ్గర కూర్చుని శాంపిల్ రిజిస్టర్ తిప్పుతూ ఆగాడు. సీజన్ మధ్యలో సంతకం మారిందేమని అడిగాడు.

సొంత కారణాలతో మానేసిందని మేనేజర్ చెప్పాడు. ఆడిటర్ తలూపి పేజీ తిప్పబోయాడు.

"లేదు సార్," అన్నాను. "నేను మాన్పించినాను. ఆమె తప్పు లేదు."

నా నోట్లోంచి మా లైన్ల భాషే వచ్చింది, అంతవరకూ ఆడిటర్‌తో ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నవాడిని. పసుపు క్రేటు, ఆరు సున్నలు, రోడ్డు పక్క కాయలు, తోట, అన్నీ వరుసగా చెప్పాను. మేనేజర్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆడిటర్ అంతా విని ఒకే ప్రశ్న వేశాడు, ఈ నియమం ఎవరు రాశారని. నేనే అన్నాను. దీన్ని మెచ్చుకుని ఆమోదించింది నేను, అని తన పేరు కూడా దాని పక్కన రాసుకున్నాడు. నా ఉద్యోగంలో నేను చూసిన మంచి పనుల్లో అదొకటి.

సర్టిఫికెట్ ఆపేశాడు. అప్పటికి నింపిన డ్రమ్ములన్నీ లోడు నంబర్ల వారీగా మళ్ళీ పరీక్ష చేయించాం. సగానికి పైగా లోడుల్లో మందు జాడ కనబడింది, తొమ్మిది హద్దు దాటాయి. ఆ తొమ్మిదీ కంటెయినర్ ఎక్కలేదు. ఇక్కడి కొలతకు సరిపోయాయని ఇక్కడే అమ్మారు. వాళ్ళకు పనికిరానిది మనకెలా సరిపోయిందన్న లెక్క నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. మూడు వారాల తర్వాత సర్టిఫికెట్ తిరిగి వచ్చింది. నా కుర్చీ పోలేదు, కానీ మేనేజర్ ఆ తర్వాత ఎన్నడూ నాతో కూర్చుని టీ తాగలేదు.

ఆడిట్ అయిన మరునాడే కామసముద్రం పోయాను. ఆమె ఇంటి వసారాలో పట్టుపురుగులకు ఆకు వేస్తున్నది. నన్ను చూసి చేతిపని ఆపలేదు. పురుగులు నాలుగో జ్వరం లేచినాయి, ఇప్పుడే పొర విడిచినాయి, ఆగితే ఆకలికి చస్తాయి, మీరు మాట్లాడండి సార్, నేను వింటా అంది. అంతా చెప్పాను. తట్టల్లో పురుగులు ఆకు తినే చప్పుడు వాన కురిసినట్టు వినబడుతూ ఉంది.

"నా సంచిలో మామిడికాయలు చూసినారంట," అంది చివరికి. "దాని పక్కనే ఉప్పుకారం పొట్లం ఉండె. అది చూళ్ళేదా?"

చూడలేదన్నాను.

"దేవుని క్రేటని మీకు తెల్దని నాకేం తెలుసు సార్? అన్నీ తెలిసి, దేవునిదైతే మంచిదని గోడకు రాయించినారనుకుంటి."

 ఇంక పనికి రమ్మన్నాను. ఆమె ఇంకో తట్ట ముందుకు లాక్కుంది.

"మీరు రాసిన కాయితం యాడుండాది?"

"ఫైల్లో ఉంది. చించేస్తాను."

"వద్దు. చించితే మళ్ళా ఎవరన్నా కొత్తది రాసుకుంటారు. అది అట్లే ఉండనీండి. దాని పక్కన ఇంకొకటి పెట్టండి. సంతకం అంతే పెద్దదిగా ఉండల్ల."

పెట్టాను. ఆ రెండు కాగితాలూ ఇప్పటికీ ఒకే పిన్నుతో ఉంటాయి.

సోమవారం ఆమె పనికి వచ్చింది. కొత్త నియమానికి నేను రాబర్ట్‌సన్‌పేటలో పాత ఇత్తడి అమ్మే అంగడికి పోయి, ఒకప్పటి గని టోకెన్లు వెతికి, ఒకటి నుంచి నూట ఇరవై దాకా నంబర్లు కొట్టించి తెచ్చాను. లోడు రాగానే గుడ్డ సంచిలోంచి ఐదు బిళ్ళలు తీయాలి. దిగిన వరుసలో ఆ నంబర్ల క్రేట్ల నుంచి రెండేసి కాయలు. దేవుడి క్రేటుకు కూడా ఒక నంబరు ఉంటుంది, వస్తే వస్తుంది. రైతులు దాన్ని మామూలుగానే ముందు దించుకున్నారు, ఆమె మామూలుగానే కళ్ళకద్దుకుంది.

అయితే సంచిలో చెయ్యి పెట్టేముందు ఆమె ప్రతిసారీ నా కిటికీ వైపు తిరిగి, రెండు అరచేతులూ చాచి, ముందు లోపలి పక్క, తర్వాత వెనక పక్క తిప్పి చూపించేది. నా నియమంలో అలా ఎక్కడా లేదు. ఆడిటర్లకు అది పద్ధతిలో భాగమే అనిపించి రాసుకుని పోయేవాళ్ళు. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. రోజుకు ఐదారు లోడులు, సీజన్ తర్వాత సీజన్. ఎన్నిసార్లో లెక్క కట్టగలను. కట్టలేదు.

నిరుడు నా చివరి రోజున కిటికీ దగ్గర కాకుండా కిందికి దిగి వెళ్ళి నిలబడ్డాను. ఆవని లోడు వచ్చింది. పసుపు క్రేటు దిగింది. ఆమె బిళ్ళల సంచి తెచ్చి నా ముందు పట్టుకుంది.

"ఈ పొద్దు మీరు తీయండి సార్."

సంచిలో పెట్టబోయిన చెయ్యి దానంతటదే ఆగింది. నేను రెండు అరచేతులూ చాచి, లోపలి పక్క, వెనక పక్క తిప్పి చూపించాను.

ఆమె చూడలేదు. మార్కరు మూత తీసి, మొదటి శాంపిల్ సంచి మీద తేదీ రాసుకుంటూ ఉంది.